పెర్ల్ హార్బర్ చదువు అన్నం పెడుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీఏ హిస్టరీ చివరి ఏడాదిలో ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగే ముందు అమెరికా నడిపిన దౌత్యం మీద పరిశోధన చేస్తానంటున్నాడు. గ్రూప్స్‌కు కూర్చోమంటే వినడం లేదు. ఆ చదువు అన్నం పెడుతుందా? - ఒక తండ్రి, కాకినాడ

జవాబు: పెడుతుంది, కాకపోతే ఆలస్యంగా వడ్డిస్తుంది. ఎంఏకు రెండేళ్లు, పీహెచ్‌డీకి మరో ఐదారేళ్లు పడుతుంది. మధ్యలో నెట్ అర్హత పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. లేదంటే ఖర్చు మీదే. ఈ లెక్క ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

అంతకంటే ముందు తేలాల్సింది ఒకటుంది. మీవాడికి నచ్చింది యుద్ధమా, దౌత్యమా? ఓడల మీద బాంబులు పడే వీడియోలు చూసి హిస్టరీలో చేరినవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తుంటారు. దౌత్య చరిత్ర నిండా ఉండేది కాగితాలే.

ఒక ఉదాహరణ చెబుతాను. 1941 జులై చివర్లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తమ దేశంలోని జపాన్ ఆస్తులను స్తంభింపజేశారు. అప్పట్లో జపాన్‌కు కావాల్సిన చమురులో దాదాపు 80 శాతం అమెరికా నుంచే వెళ్లేది. చమురు పూర్తిగా ఆపేయాలని ఆ ఉత్తర్వులో లేదు, లైసెన్సు మీద కొంత అమ్మే వీలుంది. అయితే విదేశాంగ శాఖలోని డీన్ అచెసన్ లాంటి అధికారులు అందుకు చెల్లించాల్సిన జపాన్ డబ్బును విడుదల చేయలేదు. చుక్క చమురు కదల్లేదు. అది అధ్యక్షుడి ఉద్దేశమా, అధికారుల పట్టుదలా? చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఇంకొకటి, డిసెంబరు 7 నాటిది. మధ్యాహ్నం ఒంటి గంటకు అమెరికాకు అందించాల్సిన లేఖ వాషింగ్టన్‌లోని జపాన్ రాయబార కార్యాలయంలో ఇంకా టైపు అవుతోంది. రహస్యం గనుక మామూలు టైపిస్టులను రానివ్వలేదు, అలవాటులేని అధికారి ఒకరు కూర్చుని కొట్టారు. రాయబారి నొమురా దాన్ని అమెరికా విదేశాంగ మంత్రి కార్డెల్ హల్ చేతికిచ్చేసరికి 2:20 అయింది. హవాయిలోని అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి మొదలై అప్పటికి గంట. తీరా చూస్తే ఆ లేఖలో యుద్ధ ప్రకటన లేదు, చర్చలు ముగిశాయన్న మాటే ఉంది. ఇలాంటి కాగితం ముందు గంటలకొద్దీ కూర్చోగలిగినవాడికే ఈ చదువు.

కూర్చోగలడో లేదో ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు. అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్య పత్రాలను 1861 నుంచి సంపుటాలుగా వేస్తోంది, అవి ఇంటర్నెట్‌లో ఉచితం. వాటిలో 1931-41 మధ్య జపాన్ వ్యవహారాలకే రెండు సంపుటాలున్నాయి. హల్, నొమురా సంభాషణలను పదిహేను రోజులు చదవమనండి. చైనా నుంచి, ఇండోచైనా (ఇప్పటి వియత్నాం ప్రాంతం) నుంచి జపాన్ తన సైన్యాన్ని వెనక్కి తీసుకోవాలని నవంబరు 26న హల్ ఎందుకు పట్టుబట్టారో రెండు పేజీల్లో, తెలుగులోనే రాయమనండి.

అది కుదిరితే సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాసి హెచ్‌సీయూ, జేఎన్‌యూల్లో ఎంఏకు ప్రయత్నించాలి. హైదరాబాద్‌లో ఇంకో సౌకర్యముంది. ఉస్మానియా ఆవరణలో 1964లో అమెరికా అధ్యయనాల కోసమే ఒక కేంద్రం పెట్టారు, దాని గ్రంథాలయం పెద్దది. అన్నిటికంటే ముఖ్యం జపనీస్ నేర్చుకోవడం. ఇంగ్లిష్ పత్రాలతో తెలిసేది ఒక పక్షం మాటే. హైదరాబాద్‌లోని భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో జపనీస్ నేర్పుతారు. పరిశోధన మధ్యలో ఆగిపోయినా అనువాదంలోనో జపాన్ కంపెనీల్లోనో ఆ భాషకు పని దొరుకుతుంది. నిజం చెప్పాలంటే మీ ప్రశ్నకు అసలు జవాబు ఇదే.

గ్రూప్స్ సంగతి: ఇష్టం లేనివాణ్ని కూర్చోబెడితే ఏళ్లు పోతాయి. సివిల్స్ మాత్రం వేరు. మెయిన్స్ జనరల్ స్టడీస్‌లో ప్రపంచ యుద్ధాలు ఎలాగూ ఉన్నాయి, ఐఎఫ్‌ఎస్‌కు, అంటే విదేశాంగ సర్వీసుకు దారీ అదే. కానీ దౌత్యవేత్త కావడం, దౌత్యాన్ని పరిశోధించడం రెండు వేర్వేరు ఉద్యోగాలు. ఏది కావాలో మీవాడే తేల్చుకోవాలి.

ఆ రెండు పేజీలు ముందు మీరు చదవండి. మీకు అర్థమైతే సీయూఈటీ ఫీజు కట్టేయండి.