జవాబు: ఎయిర్‌సెన్స్ 10 (స్లీప్ అప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు ఉన్నవాళ్లకి మాస్క్ గుండా గాలి పంపే రెస్‌మెడ్ మెషిన్) తీసేసి 11 కొనాలా?
పొద్దున్నే నోరు పిడచకట్టుకుపోతోందని మెషిన్ మార్చాలనుకుంటుంటే తప్పు పాత మెషిన్‌ది కాకపోవచ్చండీ, ముక్కు మాస్క్ పెట్టుకుని నోరు తెరిచి పడుకుంటే గాలి అంతా అటే పోతుంది, 11 కొన్నా అదే గతి.

1. అందరూ వదిలేసేది ఇదే: లేవగానే మెషిన్ స్క్రీన్ మీద స్లీప్ రిపోర్ట్‌లో మాస్క్ సీల్ (మాస్క్ మొహానికి సరిగ్గా అతుక్కుందా అన్నది) చూడండి, ఏడుపు మొహం బొమ్మ ఉంటే లీకే. మెషిన్‌లోని ఎస్‌డీ కార్డ్ డేటాలో అయితే నిమిషానికి 24 లీటర్లు దాటి ఎంతసేపు లీకయిందో కూడా చూసుకోవచ్చు.
2. లీకుంటే ముక్కూ నోరూ రెండూ కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ ట్రై చేయండి, మెషిన్‌లో తేమ కొంచెం పెంచండి.
3. అయినా 11 కావాలంటే మాస్క్ పనికొస్తుంది గానీ తేమ కోసం పెట్టే నీళ్ల టబ్బు, హీటెడ్ ట్యూబ్ పాతవి పట్టవు, అవి మళ్లీ కొనాలి. గాలి ప్రెషర్ రెండిట్లోనూ 4 నుంచి 20 cmH2O (సెంటీమీటర్ల నీటి పీడనం) దాకానే, టచ్ స్క్రీన్ కోసం అంత డబ్బు నేనైతే పెట్టను.

సెకండ్‌హ్యాండ్‌లో ఫిలిప్స్ వాళ్ల మొదటి డ్రీమ్‌స్టేషన్ (ఇదీ ఇలాంటి మెషినే) చవగ్గా వస్తోందని మాత్రం తీసుకోకండి, లోపల శబ్దం తగ్గించే ఫోమ్ పొడైపోతోందని 2021 జూన్‌లో ఫిలిప్స్ వాళ్లే రీకాల్ చేశారు.