అవతలి పార్టీ పిల్లోడికి థ్యాంక్స్ చెప్పడం తప్పా?

ప్రశ్న: మాది అనంతపురం. మా వారికి కిరాణా అంగడి ఉంది. మా మామగారి కాలం నుంచీ ఇంట్లో అందరిదీ ఒకే పార్టీ. 2024 ఎన్నికలప్పుడు 78 ఏళ్ల మా అత్తమ్మ పేరు మా బూత్ లిస్టులో కనపడలేదు. మా వారు వాళ్ల పార్టీ వాళ్లకు మూడుసార్లు ఫోన్ చేశారు, ఎవరూ ఎత్తలేదు. అవతలి పార్టీ వాళ్లు ఇంట్లో వేసి పోయిన కాగితం మీద నంబరు ఉంటే, రాత్రి పది దాటాక నేనే మెసేజ్ పెట్టాను. పది నిమిషాల్లో జవాబొచ్చింది. డిగ్రీ చదివే పిల్లోడు. మేము ముందున్న అద్దె ఇంటి బూత్‌లో అత్తమ్మ పేరుందని వెతికి, వరస నంబరుతో సహా పంపాడు. పోలింగ్ రోజు గేటు దగ్గర వీల్‌చైర్ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రాత్రి 'థ్యాంక్స్ తమ్ముడూ, మా అత్తమ్మ నిన్నే తలుస్తోంది' అని మెసేజ్ పెట్టాను. అది మా వారు చూశారు. 'ఓట్ల కోసం చేసేవాడికి థ్యాంక్సేంది? రేపు కండువా కూడా కప్పుకుంటావా?' అన్నారు. ఎప్పుడు రాజకీయాల మాటొచ్చినా ఇప్పటికీ అదే దెప్పిపొడుపు. మొన్న ఆ పిల్లోడు వాళ్లక్క పెళ్లి కార్డు ఇచ్చి పోయాడు. మా వారు దాన్ని టీవీ వెనక పడేశారు. అత్తమ్మేమో పోదామంటోంది. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. మెసేజ్ పెట్టి మంచి పని చేశారు. 'తమ్ముడూ' అని పిలిచి, అత్తమ్మ మాటగా చెప్పారు. అందులో దాచుకోవాల్సిందేమీ లేదు.

మీ ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించి వేశాం. కానీ వదిలేసిన భాగంలోనే నన్ను ఆపేసిన సంగతులున్నాయి. అత్తమ్మ ఇంట్లోనే ఓటు వేసే వీలుందా అని మీరడిగితే ఆ అబ్బాయి లేదన్నాడు. 85 దాటినవాళ్లకు, 40 శాతం వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే ఆ వీలుందని, అదీ నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపు 12డి ఫారం ఇవ్వాలని, ఆ గడువు కూడా అయిపోయిందని చెప్పాడు. ఎన్నికల కాలంలో 'చూద్దాం అక్కా, చేయిద్దాం అక్కా' అనేవాళ్లు వీధికి పదిమంది దొరుకుతారు. కాదని అదే రాత్రి చెప్పినవాడు మీ టైం కాపాడాడు. నా లెక్కలో ఇది వీల్‌చైర్ కంటే పెద్ద సాయం.

ఇంకోటి ఆటో సంగతి. 'పార్టీ బండిలో ఎక్కించుకోకూడదక్కా, ఆటో మీరే మాట్లాడుకుని రండి, గేటు దగ్గర నేనుంటా' అన్నాడని రాశారు. నిజమే, ఓటర్లను పార్టీ వాళ్లు బండి పెట్టి తరలించడాన్ని చట్టం ఒప్పుకోదు. ఎంతమంది పాటిస్తారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ పిల్లోడు పాటించాడు. వీల్‌చైర్ కూడా పార్టీది కాదు, పోలింగ్ కేంద్రంలో ఎన్నికల వాళ్లు పెట్టిందే. అది ఏ మూలనుందో ముందే కనుక్కుని, అక్కడి వాళ్లనడిగి తెచ్చి పెట్టాడు, అంతే. గేటు దగ్గరికి వచ్చే ముందు కండువా తీసి, మడిచి, బండి సీటు కింద పెట్టాడని రాశారు చూడండి, అక్కడ నేను కాసేపు ఆగాను. వంద మీటర్ల లోపల పార్టీ గుర్తు కనపడకూడదన్నది నియమం, అందుకే తీసి ఉంటాడు. అయినా ఆ కుర్చీ తోసినంతసేపూ మీ అత్తమ్మకు వాడు ఏ పార్టీ వాడూ కాదు.

(ఇలా తిరిగే పిల్లల్ని వాలంటీర్లంటారు గానీ, మన రాష్ట్రంలో ఆ మాట అనగానే 2019లో ప్రభుత్వం పెట్టిన గ్రామ, వార్డు వాలంటీర్లు గుర్తొస్తారు. వాళ్లు గౌరవ వేతనం మీద పనిచేసినవాళ్లు. 2024లో ఎన్నికల కోడ్ వచ్చాక పింఛన్ల పంపిణీ నుంచి వాళ్లను పక్కన పెట్టారు కూడా. ఈ అబ్బాయి ఆ లెక్కలోకి రాడు, పార్టీ మీద ఇష్టంతో తిరిగినవాడు.)

'వాళ్లకు పెట్రోలు డబ్బులిస్తారు' అన్నది మీ వారి వాదన. ఇస్తే ఇచ్చి ఉండొచ్చు. ఆస్పత్రిలో నర్సుకు జీతముంది, బస్సులో కండక్టరుకు జీతముంది. ముసలామె ఎక్కేదాకా విజిల్ వేయకుండా ఆగిన కండక్టరుకు మనం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టమా? ఓటు కోసమే చేశాడన్నా, అత్తమ్మ లోపల ఎవరికి వేసిందో వాడికి తెలియదు. మీకూ తెలియదు. ఆమె చెప్పదు కూడా అని మీరే రాశారు, భలే మనిషి. థ్యాంక్స్ చెప్పినంత మాత్రాన ఓటు బాకీ పడదు.

ఇక మీ వారి సంగతి. ఆయన కోపం ఆ పిల్లోడి మీద కాదని నాకనిపిస్తోంది. ఏళ్లుగా జెండా మోసిన మనిషి ఆయన. తల్లి ఓటు కోసం సొంత పార్టీ వాళ్లకు మూడుసార్లు ఫోన్ చేశారు. ఎత్తలేదు. ఆ మాట ఇంట్లో ఎవరితోనూ అనుకోలేక, పని చేసిపెట్టినవాడి మీద చూపిస్తున్నారు. మీ మెసేజ్ చూసినప్పుడల్లా ఆయనకు ఆ మూడు ఫోన్లే గుర్తొస్తుంటాయి. ఇంతకీ ఆ రోజు అంగడి మధ్యాహ్నం దాకా మూసి, ఆటో మాట్లాడి, మే నెల ఎండలో తల్లి పక్కన కూర్చుని పోయింది ఎవరు? మీ ఉత్తరంలో పిల్లోడి జవాబు నిమిషాలతో సహా ఉంది. మీ వారి సంగతి 'ఆటో తెచ్చారు' అన్న రెండు ముక్కల్లో అయిపోయింది. తప్పు పట్టడం లేదమ్మా, ఇంట్లో మనిషి చేసేది ఎవరికైనా అలాగే కనపడకుండా పోతుంది. మా ఇంట్లోనూ అంతే. రోజూ పొద్దున నీళ్ల మోటారు వేసేది మా ఆయన. ఆయన ఊరెళ్లిన రోజు ట్యాంకు ఖాళీ అయ్యాక గానీ ఆ సంగతి నాకు తట్టలేదు.

కాబట్టి ఆయనతో వాదన పెట్టుకోవద్దు. 'వాడు మంచోడు' అని మీరంటే 'మా పార్టీ వాళ్లు చెడ్డోళ్లా' అని ఆయన వింటారు. అంగడి కట్టేసి వచ్చి, అన్నం తిని, కాస్త నిదానంగా ఉన్నప్పుడు, 'ఆ రోజు మీరు తోడు లేకపోతే అత్తమ్మ కదిలేదే కాదు' అని ఆయనతో చెప్పండి. ఫోన్లు ఎత్తనందుకు మీక్కూడా బాధేసిందని చెప్పండి. అక్కడ ఆగిపోండి. పిల్లోడి పేరు అప్పుడే ఎత్తొద్దు.

పెళ్లికి పోవచ్చా అంటే, పోవాలి. పిలిచింది పార్టీ కాదు, ఒక ఇంటివాళ్లు. అయితే కవర్లో పెద్ద నోట్లు పెట్టి, చేసిన పనికి కూలి చెల్లించినట్టు చేయొద్దు. పెళ్లికూతురికి ఒక చీరో, అందరికీ పెట్టినట్టు 516 రూపాయల చదివింపో చాలు. వాళ్లమ్మ కనపడితే మాత్రం పక్కకు పిలిచి, కండువా తీసి సీటు కింద పెట్టిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పండి. జెండా పట్టుకుని తిరుగుతాడని ఇంట్లో తిట్లు తినే పిల్లలు వీళ్లు. ఊరంతా తిరిగి కొడుకు ఏం చేశాడో ఆమెకు వచ్చి చెప్పినవాళ్లు ఎంతమంది ఉంటారు?

కార్డు టీవీ వెనక నుంచి తీసేది మీరు కాదు. అత్తమ్మ చేత అడిగించండి. 'నన్ను పెళ్లికి తీసుకుపోరా' అని తల్లి అడిగితే ఆయన కాదనరు. ఆటో ఈసారి కూడా ఆయన్నే మాట్లాడమనండి.