కూడికకి జనం రావడం లేదన్న మేనకోడలికి

ప్రియమైన సునీతకి,

మీ అత్తయ్య శుభములు. నీ మెసేజ్ చదివాను. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను.

విజయవాడ సింగ్‌నగర్‌లో మీ ఇంట్లో శుక్రవారం ప్రార్థన కూడిక పెడితే మొదట్లో హాలు నిండిందనీ, ఇప్పుడు నలుగురు కూడా రావడం లేదనీ అన్నావు. కీబోర్డు కొందామా, పేరున్న ప్రసంగీకుణ్ణి పిలుద్దామా అని అడిగావు. రెండూ వద్దు. పెద్ద ప్రసంగాలు ఎవరి ఫోన్లో వాళ్ళకి దొరుకుతున్నాయి, వాయిద్యాలు ఆదివారం మందిరంలో ఉండనే ఉన్నాయి. బైబిల్లోని అకుల, ప్రిస్కిల్ల దంపతులు డేరాలు కుట్టుకు బతికినవాళ్ళు. వాళ్ళింట్లో సంఘం కూడేదని అపొస్తలుడు పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక 16వ అధ్యాయంలో రాశాడు. కీబోర్డు సంగతి మాత్రం రాయలేదు! మీ గడప తొక్కేవాళ్ళు, తమ కష్టం గుర్తుపెట్టుకునే మనిషి అక్కడ ఒకరైనా ఉంటారని వస్తారు.

అందుకని ముందు ఒక నోటుబుక్కు కొను. ఎవరు ఏ ప్రార్థన మనవి చెప్పినా తేదీ వేసి రాసుకో. "అబ్బాయి ఉద్యోగం" అని రాస్తే చాలదు. ఏ ఉద్యోగం, ఇంటర్వ్యూ ఏ రోజు, అదీ రాయి. మళ్ళీ శుక్రవారం గుమ్మంలోనే అడుగు, "స్కానింగ్ రిపోర్టు వచ్చిందా అక్కా?" అని. ఆవిడ రాకపోతే మర్నాడు ఫోన్ చెయ్యి. కూడికకి ఎందుకు రాలేదని అడక్కు, రిపోర్టు ఏమైందని అడుగు. ఆ తేడా అవతలివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. ఇక్కడ గుంటూరు బ్రాడీపేటలో మా కూడికకి భర్త పోయిన ఒకావిడ వచ్చేది. చాన్నాళ్ళు వెనక గోడకి ఆనుకుని కూర్చునేది, పాటకి పెదవి కూడా కదిపేది కాదు. ఒకసారి ఎవరో ఆవిడ కూతురి డిగ్రీ పరీక్షలు ఎలా రాసిందని అడిగారు. ఆ తర్వాతి వారం నుంచి అందరికంటే ముందొచ్చి చాపలు పరిచేది ఆవిడే.

మీ పేటవాళ్ళకి ఇది వేరే చెప్పాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, ఆ నీళ్ళలో పాల ప్యాకెట్టు తెచ్చిచ్చిన మనిషి ఇవాళ ప్రార్థనకి రమ్మంటే ఎవరు కాదంటారు?

ఆ నోటుబుక్కు మాత్రం బీరువాలో ఉండాలి. "ఫలానా వాళ్ళల్లుడు తాగుతున్నాడట, ప్రార్థన చెయ్యండి" అనడం ముసుగేసుకుని చెప్పే చాడీ. వాట్సాప్ గ్రూపులో పేర్లతో మనవులు పెట్టనివ్వకు. ఒక్కసారి మాట బయటికి పొక్కిందంటే ఆ ఇంటివాళ్ళు మళ్ళీ రారు. ఎందుకు రావడం లేదో నీకు చెప్పరు కూడా.

ఏడింటికి అన్నాక ఏడింటికే మొదలుపెట్టు, ఎనిమిదింటికి ముగించు. రెండు పాటలు, పావుగంట వాక్యం, మిగతాదంతా మనవులూ ప్రార్థనలూ. బైబిలు మొదట్లోని ఆదికాండం దగ్గర మొదలుపెట్టి చివరనున్న ప్రకటన దాకా ప్రార్థించే పెద్దమనిషి ప్రతి కూడికలోనూ ఒకరుంటారు. ఆయన్ని నొప్పించకుండా, "అంకుల్, మీరు ఈ బాబు జ్వరం గురించి ఒక్కటే ప్రార్థించండి" అని ముందే అప్పజెప్పు. టీ, బిస్కెట్లు చాలు. రేపు వంతులవారీగా ఇంటింటా పెట్టుకున్నా అంతే. ఒకరింట్లో ఉప్మా, ఇంకొకరింట్లో బజ్జీలు, ఆ పై ఇంట్లో బిర్యానీ అయ్యిందా, లేనివాళ్ళు తమ ఇంటి వంతు వచ్చేసరికి ముఖం చాటేస్తారు.

మీ దగ్గర లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్ళు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్ళు అందరూ ఉంటారు కదా. బాప్తిస్మమంటే నీళ్ళు చిలకరించడమా, నీళ్ళలో ముంచడమా అన్న వాదన లేవనియ్యకు. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్ళకి వెళ్ళొచ్చినావిణ్ణి నలుగురిలో తప్పుపట్టనియ్యకు. ఎవరి ఆదివారం వాళ్ళ గుడికే. ఆ మాట వాళ్ళ పాస్టరు గార్లకి మీరే ముందుగా చెప్పిరండి.

జబ్బు మనిషి వచ్చినప్పుడు మరీ జాగ్రత్త. ప్రార్థన చేశాం కదా, మాత్రలు మానెయ్యమని ఎవరైనా అంటే అక్కడే ఆపు. 1883లో అమెరికా నుంచి మన గుంటూరు వచ్చిన అన్నా కుగ్లర్ అమ్మగారు మిషనరీ, డాక్టరు కూడా. ఆవిడ పేరున్న ఆస్పత్రి మన కళ్ళెదురుగానే ఉంది. ప్రార్థనా చేసింది, మందూ ఇచ్చింది.

"అంత ప్రార్థించినా మా నాన్న ఎందుకు పోయాడాంటీ?" అని ఏ పిల్లాడో అడుగుతాడు. వచనం వెతక్కు. తెలియదు నాన్నా అని చెప్పి పక్కన కూర్చో. అలాంటి ప్రశ్న అడగనిచ్చే ఇల్లు దొరక్కే కుర్రాళ్ళు దూరమవుతున్నారని నా అనుమానం.

ఈ శుక్రవారం నలుగురే వస్తే కుర్చీలు తీసేసి చాప మీద దగ్గరగా కూర్చోండి. రానివాళ్ళ ఇళ్ళకి శనివారం నువ్వూ మీ ఆయనా వెళ్ళి పలకరించి రండి. కూడిక ఊసెత్తకండి. మామయ్య నిన్ను అడిగానని చెప్పమన్నారు.

మీ అత్తయ్య,
గుంటూరు