ఆ అదనపు ఎనిమిది వేలు దేనికి తీసుకున్నారు?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. 2023 నవంబరులో మా అమ్మను గుంటూరు శివారులోని ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో చేర్పించాం. ఆమెకు 76 ఏళ్లు, షుగరుంది. అప్పటికి చేతికర్ర సాయంతో నడిచేది. నెలకు 14 వేలు కట్టేవాళ్లం. 2024 జూన్‌లో పక్షవాతం వస్తే కొత్తపేటలోని ఒక ఆస్పత్రిలో తొమ్మిది రోజులు ఉంచి మళ్లీ ఆశ్రమానికే పంపాం. జూలై నుంచి 22 వేలు తీసుకున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా 'అమ్మగారు బాగున్నారండీ' అనేవారు. 2025 జనవరి 19న జ్వరమని ఆస్పత్రికి తీసుకెళితే, నడుం కింద ఎముక కనిపించేంత పుండు బయటపడింది. రెండు ఆపరేషన్లు, నాలుగు లక్షలు ఖర్చు. ఇప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. యజమాని 'షుగరున్న పెద్దవాళ్లకు పుళ్లు మామూలే' అంటున్నారు. కాగితం మీద సంతకం పెడితే డిపాజిట్ 50 వేలు తిరిగిస్తారట. మా బావగారేమో, తెలిసిన డాక్టరు చేత 'చేరేనాటికి పుళ్లు లేవు' అని పాత తేదీతో సర్టిఫికెట్ రాయిద్దామంటున్నారు. కన్నతల్లికి ఇలా చేశామేమోనని నిద్ర పట్టడం లేదు. కేసు నిలుస్తుందా? (ఉత్తరాన్ని కుదించాం)

జవాబు: నిలుస్తుందమ్మా. మీ ఉత్తరంలో మూడు పేజీల బాధ ఉంది, కేసు మాత్రం ఒక్క వాక్యంలోనే ఉంది: 'జూలై నుంచి 22 వేలు తీసుకున్నారు.'

మీరు పంపిన రసీదుల్లో ఆగస్టు నెలది తీసి దగ్గరగా చూడండి. 'వసతి, భోజనం' అని అచ్చువేసిన గడి కింద ఎవరో నీలం పెన్నుతో 'బెడ్ పేషెంట్ – 8,000' అని రాసి పొడి సంతకం చేశారు. మీ కేసు ఆ గీత మీదే నడుస్తుంది. జూన్ దాకా ఆశ్రమం మీకు అమ్మింది గది, తిండి, కాస్త కనిపెట్టుకుని ఉండడం. అంతవరకే అయితే 'మాది ఆస్పత్రి కాదండీ' అన్న వాళ్ల మాటకు కొంత బలం ఉండేది. లేవలేని మనిషిని చూసుకోవడానికి వేరే రుసుము వేసి పుచ్చుకున్నాక ఆ మాట చెల్లదు. 'మాది ట్రస్టు, సేవాభావంతో నడుపుతున్నాం' అన్నా చెల్లదు. ప్రతిఫలం పుచ్చుకుని చేసేది వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవే. డబ్బు కట్టిన మీరూ, ఆ సేవ పొందాల్సిన మీ అమ్మగారూ ఇద్దరూ వినియోగదారులే.

ఇక యజమాని చెప్పే 'మామూలే' సంగతి. షుగరు, పక్షవాతం ఉన్నవాళ్లకు ఎంత బాగా చూసినా ఒక్కోసారి పడక పుండు రావచ్చని డాక్టర్లే చెబుతారు. రేపు ఆశ్రమం తరఫున ఆ మాట చెప్పడానికి ఒక డాక్టరు వస్తాడు కూడా. అందుకని 'పుండు వచ్చింది కాబట్టి నిర్లక్ష్యం' అని ఫిర్యాదు రాస్తే మొదటి వాయిదాలోనే దెబ్బతింటారు. ఎముక కనిపించే పుండును డాక్టర్లు నాలుగో దశ అంటారు. మొదటి దశలో అది వేలితో నొక్కినా తెల్లబడని ఎర్రమచ్చ మాత్రమే. అక్కడి నుంచి ఎముక దాకా వెళ్లేలోపు ఎవరు చూశారు, ఏ తేదీన రాశారు, డాక్టరుకు చెప్పారా, మీకు చెప్పారా? మీ ఫిర్యాదంతా ఈ ప్రశ్నల చుట్టూ ఉండాలి. సేవకు సంబంధించిన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా సేవాలోపమేనని చట్టంలోని నిర్వచనంలోనే ఉంది. 'బాగున్నారండీ' అన్న ఫోన్ జవాబులు అక్కడ పనికొస్తాయి.

ఆశ్రమంలో సంరక్షణ ఎలా ఉండేదో తేల్చడానికి చాలామంది ముందు తోట, గచ్చు, యజమాని మర్యాద గురించి చెబుతారు. ఇలాంటి ఫిర్యాదులు విచారించే వినియోగదారుల కమిషన్‌కు కావలసింది రిజిస్టర్లు. లేవలేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పిన వేళ, తిప్పినవారి సంతకం ఉన్న చార్టు ఉందా? డైపరు మార్చిన లెక్క, నెలనెలా బరువు, డాక్టరు వచ్చి చూసిన పుస్తకం ఉన్నాయా? రాత్రి డ్యూటీలో ఉన్నది నర్సింగ్ చదివిన మనిషా, ఇరవై మందికి ఒక్క ఆయానా? ఇవన్నీ దాఖలు చేయించమని కమిషన్‌ను కోరండి. పత్రాలు తెప్పించే విషయంలో దానికి సివిల్ కోర్టుకున్న అధికారాలే ఉన్నాయి. చేతిలో ఉండాల్సిన రికార్డును ఆశ్రమం తేకపోతే, తెస్తే అది వాళ్లకే వ్యతిరేకమయ్యేదని కమిషన్ అనుకోవచ్చు. మొత్తం చార్టు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, ఒక్క ఖాళీ లేకుండా వచ్చినా భయపడకండి. అలాంటి చార్టు రాసినవాళ్లను ప్రశ్నలడగడం మీ వకీలుకు తేలిక.

బావగారి సలహా దగ్గరికొస్తున్నాను. ఆ సర్టిఫికెట్ జోలికి వెళ్లొద్దు. ఇంట్లో ఆ మాట మళ్లీ ఎత్తనివ్వొద్దు. వినియోగదారుల కమిషన్‌లో జరిగేది న్యాయ విచారణతో సమానమని చట్టంలోనే రాసి ఉంది. అందులో పెట్టడానికి దొంగ సాక్ష్యం తయారుచేస్తే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. రాసిచ్చిన డాక్టరు రిజిస్ట్రేషన్‌కూ ముప్పే. అవతలి వకీలు ఆ డాక్టరు ఓపీ రిజిస్టరు తెమ్మంటే చాలు, ఆ తేదీన మీ అమ్మగారి పేరు ఉండదు. ఆ ఒక్క అబద్ధంతో మీ నిజమైన కాగితాలన్నీ అనుమానం పాలవుతాయి.

పైగా ఆ అబద్ధంతో మీకు పనే లేదు. 2024 జూన్‌లో తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు కదా! లేవలేని రోగి ఒంటి మీద పుళ్లున్నాయా లేదా అన్నది నర్సులు కేసు షీటులో రాస్తారు. డిశ్చార్జి రోజు ఆమె చర్మం ఎలా ఉందో చెప్పే అసలు సాక్ష్యం అదే. రెండో సాక్ష్యం 2025 జనవరి 19న చేర్చుకున్నప్పటి తొలి పరీక్ష నోటు. పుండు వెడల్పు, లోతు, దశ అందులో ఉంటాయి. ఈ రెండింటి మధ్య కాలమంతా ఆమె ఉన్నది ఒక్కచోటే. ఇంతకంటే సూటి సాక్ష్యం ఇలాంటి కేసుల్లో అరుదు. మీ దగ్గర మాత్రం డిశ్చార్జి సమ్మరీ తప్ప కేసు షీటు లేదు. నాలుగు లక్షలు కట్టి వచ్చేటప్పుడు రికార్డు నకలు అడగకపోవడం ఏమిటమ్మా? వైద్యుల ప్రవర్తనా నియమావళి, 2002 ప్రకారం లోపలి రోగుల రికార్డు చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లు ఉంచాలి. రోగిగానీ ఆమె తరఫున అధికారం ఉన్నవారుగానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. జూన్ నాటి షీటుకు ఆ మూడేళ్లు 2027 జూన్‌తో సరి. ఆ తర్వాత చించేసినా అడగలేరు.

గడువు విషయంలో మీరు చేసిన ఆలస్యం ఇంకా ఎక్కువ. కమిషన్‌లో ఫిర్యాదుకు వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లే గడువు. పుండు సంగతి మీకు తెలిసింది 2025 జనవరి 19న. కాబట్టి 2027 జనవరి 18 దాటనివ్వకండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా దానికి గట్టి కారణం చూపాలి. 'వాళ్లతో మాట్లాడుతున్నాం' అన్నది కారణం కాదు. లాయరు నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. క్రిమినల్ వైపు మీరు ఒక దారి ఇప్పటికే పోగొట్టుకున్నారు. నిస్సహాయుల్ని చూసుకుంటామని ఒప్పుకుని కావాలని చూడకపోతే న్యాయ సంహిత 357వ సెక్షన్ కింద నేరం. శిక్ష మూడు నెలల లోపు కాబట్టి దానికి కాలపరిమితి ఏడాదే. అది ఎప్పుడో దాటింది. నిర్లక్ష్యంతో తీవ్ర గాయం కలిగించినందుకు 125వ సెక్షన్ ఇంకా మిగిలి ఉంది, దానికి కాలపరిమితి మూడేళ్లు. పోలీసు ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే ఇవ్వండి. దాని కోసం కమిషన్ కేసును మాత్రం ఆపుకోవద్దు.

డిపాజిట్ 50 వేలు ఎటూ మీ సొమ్మే. 'ఇక ఎలాంటి అభ్యంతరాలూ లేవు' అని రాసిన కాగితం మీద సంతకం పెట్టి తీసుకుంటే, నాలుగు లక్షల మాట ఎత్తినప్పుడల్లా ఆ కాగితమే ముందుకొస్తుంది. 'డిపాజిట్ మాత్రమే ముట్టింది' అని రాసిస్తే పుచ్చుకుంటామనండి. లేకపోతే దాన్నీ ఫిర్యాదులో కలపండి.

యజమాని సొంత నంబరుకు ఫోన్‌పేలో కట్టారు, కొన్ని నెలలకు రసీదుల్లేవు, పాత ఫోన్ మార్చి వాట్సాప్ పోగొట్టుకున్నారు. ఇదంతా అజాగ్రత్తే. అయినా దారుంది. మీ బ్యాంకు స్టేట్‌మెంటులో ప్రతి చెల్లింపూ తేదీతో సహా ఉంటుంది. ఆశ్రమాన్నీ యజమానినీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. పాత ఫోన్ ఇంట్లో ఉంటే రీసెట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి. పుండు ఫోటోలు తీసిన ఫోన్‌ను కూడా అలాగే ఉంచండి. అవసరమైతే వాటిలో ఉన్నదాన్ని, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రంతో దాఖలు చేయవచ్చు.

చేర్పించేటప్పుడు మీరు సంతకం చేసిన ఫారంలో 'ఆరోగ్య సమస్యలకు యాజమాన్యం బాధ్యత వహించదు' అని ఉంది. చదవకుండానే పెట్టారని తెలుస్తూనే ఉంది. ఆ షరతును అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించమని మాత్రం అడగకండి. ఆ అధికారం రాష్ట్ర కమిషన్‌ది, జిల్లా కమిషన్ మీ ఫిర్యాదును తిప్పి పంపుతుంది. సేవాలోపం, దానికి పరిహారం అని మాత్రమే అడగండి.

గుంటూరు తిరగక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే వేసుకునే వీలును 2019 చట్టం ఇచ్చింది కాబట్టి విజయవాడలోనే దాఖలు చేయండి, ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో అయినా సరే. మీరు నెలనెలా కట్టింది 2.66 లక్షలు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. వాళ్ల జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అంతకు మించి కమిషన్ గడువివ్వలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం హక్కు.

అక్కడ ఇంకా మంచాన ఉన్నవాళ్లున్నారని రాశారు. వాళ్ల కోసం వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఈరోజే చెప్పండి, ఆర్డీవోకు లిఖితపూర్వకంగా ఇవ్వండి. అధికారులు తనిఖీ చేసి నివేదిక రాస్తే వాళ్లకు మేలు, మీ కేసుకూ బలం. ముందుగా రేపు పొద్దున్నే రెండు ఆస్పత్రులకూ రికార్డు కోసం దరఖాస్తు ఇవ్వండి. మీ అమ్మగారి చేత సంతకమో వేలిముద్రో వేయించి, మీకు అధికారమిస్తున్నట్టు అందులోనే రాయించండి. మీ దగ్గరుండే నకలు మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోకుండా కౌంటరు దగ్గర నుంచి కదలొద్దు.