ఎండా చలీ రెండూ గట్టిగా ఉండే చోట అపార్ట్‌మెంట్: కరెంటు ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

వేసవిలో 42 డిగ్రీలు, చలికాలంలో 4 డిగ్రీలు ఉండే చోట ఎనిమిది అంతస్తులు కడుతున్నాం, ఏ ఏసీలు, ఏ హీటర్లు పెడితే కరెంటు తక్కువ కాలుతుంది అని అడిగారు. చాలా ఏళ్లుగా ఇలాంటి బిల్డింగులకు డ్రాయింగులు వేస్తున్నాను. మెషీన్ల సంగతి ఆఖర్న చూసుకోవచ్చు. ముందు గోడ, కిటికీ, నీడ తేల్చుకోండి. అవి కుదిరితే మెషీన్ సైజే తగ్గిపోతుంది.

మొదట దిక్కులు. ఉత్తరార్ధగోళంలో 30 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ మధ్యాహ్నం సూర్యుడు 83 డిగ్రీల ఎత్తున, దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబర్‌లో దాదాపు 37 డిగ్రీలకు దిగుతాడు. అందుకే దక్షిణం కిటికీకి కొలత ప్రకారం సజ్జా వేస్తే వేసవి ఎండ బయటే ఆగుతుంది, చలికాలం ఎండ గదిలోకి వస్తుంది. పడమర వైపు ఈ లెక్క కుదరదు. సాయంత్రపు ఎండ ఏటవాలుగా సజ్జా కిందనుంచే దూరుతుంది. అటు కిటికీలు చిన్నవి చేసి, బయటివైపు షట్టర్లు పెట్టించండి. లోపల కర్టెన్ వేస్తే పెద్దగా లాభం లేదు, అద్దం దాటిన వేడి చాలావరకు గదిలోనే ఉండిపోతుంది.

ఇన్సులేషన్, అంటే వేడి అటూ ఇటూ దాటకుండా ఆపే పొర, గోడకు బయటివైపే వేయించండి. ఐదు సెంటీమీటర్ల రాక్‌వూల్ (రాతిని కరిగించి తీసిన ఉన్నిలాంటి సరుకు) చేసే పని కాంక్రీటుతో చేయాలంటే దాదాపు రెండు మీటర్ల మందం కావాలి. థర్మోకోల్ చౌకే, కానీ ఎత్తైన బిల్డింగు బయటి గోడకు మండే సరుకు వద్దే వద్దు. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయారు. మంటలు అలా పైకి పాకడానికి ముఖ్య కారణం గోడల మీది క్లాడింగే, అంటే బయట తొడిగిన మండే పలకలే.

ఎక్కువమంది పట్టించుకోనిది బాల్కనీ. గది స్లాబే ఆగకుండా బయటికి సాగుతుంది కాబట్టి ఇన్సులేషన్ సరిగ్గా అక్కడ తెగుతుంది. చలికాలంలో ఒక ఫ్లాట్‌ను థర్మల్ కెమెరాతో చూశాను, అది వేడిని, చల్లదనాన్ని రంగుల్లో చూపిస్తుంది. గోడంతా ఒకటే రంగు, బాల్కనీ తలుపు పక్కన నేల అంచు వెంట మాత్రం ముదురు నీలం గీత. సోఫా జరిపితే ఆ మూలంతా నల్లటి బూజు. గదిలోని తేమ ఆ చల్లటి అంచు మీద చెమ్మగా దిగుతుంది. స్లాబు పోయకముందే అక్కడ థర్మల్ బ్రేక్, అంటే గది స్లాబుకీ బాల్కనీకీ మధ్య వేడి దాటకుండా ఆపే ముక్క, పెట్టించాలి, లేదా బాల్కనీని విడిగా స్తంభాల మీద నిలపాలి. కాంక్రీటు గట్టిపడ్డాక చేయగలిగింది చాలా తక్కువ.

పై అంతస్తుకు స్లాబు మీద మందంగా ఇన్సులేషన్, ఆపైన తెల్లటి పూత తప్పనిసరి.

ఇక సందులు. కిటికీ ఫ్రేము చుట్టూ, పైపులు వెళ్లే చోట్ల గాలి కారిపోతుంటే పైన చెప్పిందంతా సగం వృథా. చాలా తక్కువ కరెంటుతో నడిచే ఇళ్ల కోసం పెట్టిన పాసివ్ హౌస్ ప్రమాణం ప్రకారం, లోపలికీ బయటికీ 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా పెట్టి చూస్తే ఇంట్లోని గాలి గంటకు 0.6 సార్లకు మించి మారకూడదు. అంత బిగుతుగా కట్టినప్పుడు వేడిని నిలుపుకుంటూ తాజా గాలి తెచ్చే వెంటిలేషన్ కూడా ఉండాలి, లేకపోతే ఊపిరాడదు. ముందు ఒక్క ఫ్లాట్ పూర్తిచేసి బ్లోయర్ డోర్ టెస్టు (తలుపులో ఫ్యాన్ బిగించి గాలి కారడాన్ని కొలిచే పరీక్ష) చేయించండి. ఎక్కడ కారుతోందో తెలిశాకే మిగతా ఫ్లాట్ల ప్లాస్టరింగ్‌కు వెళ్లండి.