షరియత్ అంటే శిక్షల చట్టమేనా?

కాదు, షరియత్‌లో శిక్షల భాగం చాలా చిన్నది, మిగతాదంతా నమాజు, ఉపవాసం, తిండి, అప్పు, వ్యాపారం, పెళ్లి, ఆస్తి పంపకం లాంటి విషయాల్లో ముస్లిం ఎలా నడుచుకోవాలో చెప్పేదే. ఖురాన్, ప్రవక్త నడవడి ఆధారంగా పండితులు పనులను మామూలుగా ఐదు రకాలుగా చూస్తారు: తప్పనిసరి (ఫర్జ్), చేస్తే పుణ్యం, చేసినా మానినా ఫర్వాలేదు, మానితే మంచిది (మక్రూహ్), నిషిద్ధం (హరామ్). మధ్యలో ఉన్న మూడింటికి శిక్ష ఊసే లేదు. హరామ్ అయిన చాడీలు చెప్పడానికి కూడా ఖురాన్‌లో ఇంత శిక్ష అని లేదు, అది అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవాల్సిన లెక్క.

రంజాన్ ఉపవాసమే తీసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఫర్జ్, కానీ జ్వరంతో ఉన్నవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు మానేసి తర్వాత ఆ రోజులు పూర్తి చేసుకోవచ్చు, ఇక కోలుకునే ఆశ లేని జబ్బు ఉంటే మానిన ఒక్కో రోజుకు ఒక పేదకు అన్నం పెడితే సరి (దీన్ని ఫిద్యా అంటారు). చాటుగా ఎవరైనా మంచినీళ్లు తాగారా అని చూడటానికి ఎవరూ రారు.

చాలామంది పొరబడేది ఫత్వా దగ్గర. ఫత్వా అంటే ముఫ్తీ (షరియత్ తెలిసిన మత పండితుడు) చెప్పే అభిప్రాయం, కోర్టు తీర్పు కాదు. దానికి చట్టబద్ధత లేదని సుప్రీంకోర్టు 2014లోనే తేల్చింది. మన దేశంలో 1937 నాటి షరియత్ చట్టం పెళ్లి, విడాకులు, వారసత్వం లాంటి వాటికే. దొంగతనానికి, హత్యకు అందరికీ ఒకటే చట్టం.