ఎల్లుండికి ఒక క్రియ

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి తెచ్చిన పాత ఇంగ్లీషు మాటల పుస్తకంలో ‘పెరెండినేట్’ అనే క్రియ ఉంది. ఇప్పుడు వాడుకలో లేదట. దాని అర్థమేమిటి? ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఈ మాట ఇంగ్లీషువాళ్ల కంటే మనకే తొందరగా అందుతుంది. మనకి ‘ఎల్లుండి’ ఉంది కాబట్టి.

లాటిన్‌లో ‘క్రాస్’ అంటే రేపు, ‘పెరెండియే’ అంటే ఎల్లుండి. చివరనున్న ‘డియే’ రోజు. ‘క్రాస్’ నుంచి పుట్టింది ‘ప్రోక్రాస్టినేట్’, పనిని రేపటికి నెట్టడం. ‘పెరెండియే’ నుంచి పుట్టింది మీరడిగిన క్రియ, పనిని ఎల్లుండికి వాయిదా వేయడం.

రెండింటికీ తేడా నాకు మా టైలర్ దగ్గర తెలిసింది. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క, బల్ల మీద మడత విప్పని నా చొక్కా గుడ్డ. ఏనాడూ ‘రేపు’ అనలేదు. “ఎల్లుండి పొద్దున రండి మాస్టారూ” అనేవాడు. రేపంటే రేపే అడుగుతారని టెన్షన్. ఎల్లుండంటే మధ్యలో ఒక రోజు ఊపిరి ఆడుతుంది.

ఇంగ్లీషులోనూ ఒకప్పుడు ఎల్లుండిని ‘ఓవర్‌మారో’ అనేవారు. అదీ పోయింది. జర్మన్లు ‘యూబర్‌మోర్గెన్’ నిలుపుకున్నారు, ఇంగ్లీషువాళ్లు ‘ది డే ఆఫ్టర్ టుమారో’ అని నాలుగు మాటలు పేర్చాల్సి వస్తోంది. ఎల్లుండికే మాట లేని చోట ఈ క్రియ నిలబడకపోవడంలో వింతేమీ లేదని నా అభిప్రాయం.

రోమన్లు మాత్రం దీని మీద వాదులాడుకున్నారు. క్రీ.పూ. 63లో మురేనా అనే రాజకీయ నాయకుడి తరఫున కోర్టులో మాట్లాడుతూ రోమన్ వక్త సిసెరో, ‘మూడో రోజు’ అనాలా, ‘ఎల్లుండి’ అనాలా అని న్యాయకోవిదులు ఇంకా తేల్చుకోలేదని ఎగతాళి చేశాడు. రెండూ ఒకటెలా అయ్యాయంటారా? వాళ్లు ఇవాళ్టిని కూడా కలిపి లెక్కపెట్టేవారు. వినాయకుడి నిమజ్జనం మూడో రోజు అన్నప్పుడు మనం చవితిని కలుపుకోమూ, అలాగే.

ఇంకో అర్థం కూడా ఉంది. మధ్యయుగాల కేంబ్రిడ్జ్ కాలేజీల్లో సభ్యులు కాకుండా డబ్బు కట్టి మకాం ఉండేవాళ్లని ‘పెరెండినాంట్లు’ అనేవారు. కాబట్టి మీ పుస్తకంలో ఈ క్రియకి ‘కాలేజీలో ఎక్కువకాలం ఉండిపోవడం’ అని కూడా కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. అదీ ఈ మాటే.